కాంపాక్ట్ కెమెరాకు క్లోజప్ లెన్సు తగిలించడం: ఉపయోగమా, డబ్బు దండగా?

జయనగర్ తూనీగ:

బెంగళూరులో ఆదివారం పొద్దున్నే కెమెరాలు మెడలో వేసుకుని లాల్‌బాగ్‌కు చేరే మా తెలుగువాళ్ల బృందంలో రెండు వారాలుగా తెగని వాదన ఒకటి నడుస్తోంది. నా దగ్గర ఉన్నది లెన్సు విప్పి మార్చే వీలులేని పానసోనిక్ ఎఫ్‌జెడ్300. మొన్నటి వానల తరువాత ఒక మామిడి చెట్టు దగ్గర నిలబడి, ఆకులను కుట్టి గూడు కట్టే ఎర్రచీమల బారును చూస్తుండగా, వాటిలో ఒకటి నడక మధ్యలో ఆగి ఒక్క గెంతు గెంతింది. చీమ అలా గెంతదు కదా అని వంగి చూస్తే అది చీమ వేషం కట్టిన సాలీడు. రంగు, నడుము సన్నదనం, ముందు కాళ్లను పైకెత్తి మీసాల్లా ఆడించడం, అన్నీ చీమవే.

కెమెరాకు సొంతంగా ఉన్న మాక్రోలో, అంటే దగ్గరి వస్తువులను తీసే పద్ధతిలో, ఒక సెంటీమీటరు దాకా దగ్గరికి వెళ్లాను. లెన్సు నీడ మీద పడగానే అది ఆకు వెనక్కి తప్పుకుంది. పోనీ జూమ్ పూర్తిగా లాగుదామంటే మీటరు లోపల ఫోకస్ పట్టదు. చివరికి 700 రూపాయలకు తెప్పించుకున్న సెట్టులోంచి +10 క్లోజప్ లెన్సును కెమెరా లెన్సు ముందు బిగించి తీస్తే సాలీడు సగమే ఫ్రేములో పట్టింది, దాని కాళ్ల వెంట ఊదారంగు చార కూడా వచ్చింది. ఈ సెట్టు పారేసి ఖరీదైన క్లోజప్ లెన్సు కొనాలా, కెమెరా సొంత మాక్రోతోనే సరిపెట్టుకోవాలా, లేక ఈ కెమెరానే అమ్మేయాలా? మా బృందంలో మూడు అభిప్రాయాలకూ మనుషులు ఉన్నారు.

పాత రీలు:

తూనీగ గారూ, కంటికి జబ్బు లేనప్పుడు కళ్లజోడు ఎందుకండీ? కెమెరా తయారుచేసినవారు ఎంతో లెక్క కట్టి అమర్చిన లెన్సు ముందు మనం మరో గాజుముక్క అడ్డం పెడితే బొమ్మ చెడుతుందే కాని బాగుపడదు. ఫిల్ము రోజుల్లో నేనూ ఈ ముచ్చట తీర్చుకున్నవాడినే. 700తో మొదలైన ఖర్చు రెండేళ్లలో ఏడు వేలు దాటుతుంది, అంతా అయ్యాక కూడా బొమ్మను పట్టే గోరంత సెన్సరు గోరంతగానే ఉంటుంది. ఆ డబ్బు కూడబెట్టి, ఒకరు వాడిన డీఎస్‌ఎల్‌ఆర్, దానికి తగిన అసలైన మాక్రో లెన్సు కొనుక్కోండి.

గాజుకన్ను:

పాత రీలు గారి కళ్లజోడు పోలికనే తీసుకుందాం, ఎందుకంటే అది వారు అనుకున్నదానికన్నా బాగా అతికే పోలిక. చత్వారం వచ్చినవారికి దూరాన వస్తున్న బస్సు నంబరు స్పష్టంగానే కనబడుతుంది, చేతిలోని శుభలేఖ మాత్రం అలుక్కుపోతుంది. జూమ్ పూర్తిగా లాగిన కాంపాక్ట్ కెమెరాది సరిగ్గా ఆ స్థితే: దానికి దూరదృష్టి అద్భుతం, మీటరు లోపల చత్వారం. క్లోజప్ లెన్సు దానికి పెట్టే చదువుకునే అద్దం. దాని అంచు మీద రాసే +1, +2, +4 కూడా కళ్లజోడు చీటీ మీద రాసే పవరే. 1000ని ఆ అంకెతో భాగిస్తే లెన్సు నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) మిల్లీమీటర్లలో వస్తుంది, అంటే +2కు 500, +4కు 250, +10కి 100. కెమెరాను అనంత దూరానికి ఫోకస్ చేసి ఉంచితే, వస్తువు ఆ క్లోజప్ లెన్సుకు అంతే దూరంలో ఉన్నప్పుడు స్పష్టంగా పడుతుంది.

ఇక తూనీగ గారికి సాలీడు సగమే ఎందుకు పట్టిందో చూద్దాం. ఎఫ్‌జెడ్300 పెట్టె మీద 25–600 అని ఉన్నా, అది 35 ఎంఎం ఫిల్ముతో పోల్చి చెప్పే అంకె. లెన్సు అసలు నాభ్యంతరం 4.5 నుంచి 108 మిల్లీమీటర్లు. ఆ 108ని +10 లెన్సు నాభ్యంతరమైన 100తో భాగిస్తే 1.08 వస్తుంది, అంటే వస్తువు ఎంత ఉందో సెన్సరు మీద దాని బొమ్మ అంతకన్నా కొంచెం పెద్దగా పడుతుంది. సెన్సరు వెడల్పు సుమారు 6.2 మిల్లీమీటర్లు కాబట్టి ఫ్రేములో పట్టేది 5.7 మిల్లీమీటర్లే. మీ సాలీడు సెంటీమీటరు ఉంటుంది. తప్పు కెమెరాది కాదు, మీరు చీమకు తగిన అద్దం అడగవలసిన చోట చీమ తలకు తగినది బిగించారు.

రేనాక్స్ వారి డీసీఆర్-150 అనే క్లోజప్ లెన్సు పవరు +4.8, నాభ్యంతరం 208 మిల్లీమీటర్లు. అదే లెక్క కడితే 12 మిల్లీమీటర్ల వెడల్పు పడుతుంది, వస్తువు ఒక జానెడు దూరంలో ఉంటుంది. వారిదే డీసీఆర్-250 పవరు +8, దానితో ఏడు మిల్లీమీటర్లు. కానన్ 500డీ అనే క్లోజప్ లెన్సు +2 మాత్రమే కాబట్టి దాదాపు 29 మిల్లీమీటర్లు వచ్చి, చిన్న సీతాకోకచిలుకకు చక్కగా సరిపోతుంది. దూరం మార్చకుండా జూమ్ ఒక్కటే వెనక్కి తెస్తే ఫ్రేము వెడల్పు పెరుగుతుంది, ఫోకస్ మాత్రం దాదాపు అక్కడే నిలుస్తుంది. మార్చలేని లెన్సు ఉన్నవారికి దొరికే ఈ సుఖం మాక్రో లెన్సు వాడేవారికి లేదు.

ఊదారంగు చార సంగతి వేరు. ఒకే గాజుముక్క ఎరుపునూ నీలాన్నీ ఒకే చోటికి చేర్చలేదు. రెండు రకాల గాజులను జతచేసి ఆ తేడాను చాలావరకు సరిచేసే పద్ధతికి లండన్‌లో జాన్ డోలండ్ 1758లోనే పేటెంటు పొందాడు. అటువంటి జంట గాజు లెన్సునే అక్రోమాట్ అంటారు. పైన చెప్పిన మూడూ ఆ కోవకు చెందినవే, మీ 700 రూపాయల సెట్టులోనివి కావు. కాబట్టి పాత రీలు గారు ఫిల్ము రోజుల్లో వాడి విసిగిపోయినది ఏ రకమో ముందు తెలియాలి.

వైట్‌ఫీల్డ్ వాసి:

ఈ లెక్కలన్నీ బాగానే ఉన్నాయి కాని, మీరు మాట్లాడుతున్నది ముందు 52 మిల్లీమీటర్ల మర ఉన్న, లెన్సు మార్చలేని పెద్ద జూమ్ కెమెరా, అంటే బ్రిడ్జ్ కెమెరా గురించి. చొక్కా జేబులో పట్టే అసలు కాంపాక్ట్‌కు మర ఉండదు, ఆపు చేయగానే లెన్సు లోపలికి ముడుచుకుంటుంది. నేను దాని మూతికి అయస్కాంతపు రింగు అంటించి క్లోజప్ లెన్సు పెట్టాను. మూడో నెలలో, లెన్సు ఇంకా తగిలించి ఉండగానే కెమెరా తనంతట తాను ఆగిపోయి జూమ్ ముడుచుకోబోయింది, మధ్యలో కిర్రుమని ఇరుక్కుంది. బాగుచేయడానికి అడిగిన సొమ్ము కెమెరా ఖరీదులో సగం. ఈ ముక్క ఎవరూ ముందు చెప్పరు.

గాజుకన్ను:

వాసి గారి మాట నూటికి నూరుపాళ్లూ నిజం, నేను ముందే చెప్పవలసింది. ముడుచుకునే జూమ్ గొట్టం మీద బరువు వేలాడదీయకూడదు. బరువంతా కెమెరా ఒంటి మీద పడేలా, అడుగున ఉండే ట్రైపాడ్ మరకు బిగించే పట్టీతో లెన్సును నిలబెట్టాలి. అంత ఓపిక లేకపోతే ఆ రకం కెమెరాకు ఈ పని పెట్టకపోవడమే మంచిది.

హెసరఘట్ట గడ్డిపువ్వు:

నేను ఒలింపస్ టీజీ-6 వాడుతున్నాను. దాని లెన్సు బయటికి పొడుచుకు రాదు, మైక్రోస్కోప్ మోడ్‌లో జూమ్ లాగి ఉన్నా ఒక సెంటీమీటరు దాకా ఫోకస్ పడుతుంది, వేర్వేరు ఫోకస్‌లతో తీసిన ఫోటోలను తానే కలిపి ఇస్తుంది. నీడ సమస్యకు లెన్సు చుట్టూ వెలుగు పంచే ఎల్‌జీ-1 రింగు ఒకటి విడిగా దొరుకుతుంది. రాతి మీది నాచు, గడ్డి గింజ, ఆకు వెనుక గుడ్లు వంటి వాటికి నాకు ఇంకేమీ అవసరం కాలేదు. తూనీగ గారి సాలీడు మాత్రం ఆ దూరంలో నాకోసం కూడా నిలబడదని ఒప్పుకుంటాను. వాదన గాజు మంచిదా కాదా అన్నదాని మీద కాకుండా, మీరు తీయదలచినది పారిపోయేదా కాదా అన్నదాని మీద సాగితే బాగుంటుందని నా మనవి.

పాత రీలు:

గాజుకన్ను గారూ, అక్రోమాట్ విషయంలో నేను తగ్గుతాను, నేను వాడినది ఒంటి గాజే. అయితే మీరు దాటవేసిన సంగతి ఒకటుంది. మీరు చెప్పిన 12 మిల్లీమీటర్ల ఫ్రేములో ఫోకస్‌లో నిలిచే లోతు ఎంత? అది పెంచడానికి అపర్చర్‌ను, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్8కు మూస్తే ఆ చిన్న సెన్సరు మీద వివర్తనం వల్ల, అంటే చిన్న రంధ్రం గుండా వెలుగు పరుచుకోవడం వల్ల, బొమ్మంతా మెత్తబడదా?

గాజుకన్ను:

మెత్తబడుతుంది. ఎఫ్8 వద్ద ఆకుపచ్చ కాంతి చుక్క సుమారు 10.7 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మేర పరుచుకుంటుంది, ఈ కెమెరా పిక్సెల్ ఒకటిన్నర మైక్రాన్లు. అంత నష్టపోయాక కూడా లోతు 0.3 మిల్లీమీటర్లు దాటదు, ఎఫ్4 వద్ద అందులో సగమే. అందుకే నేను ఎఫ్4, ఎఫ్5.6 మధ్య ఆగుతాను. అయితే అదే ఫ్రేములో అంతే లోతు కావాలంటే మీ పెద్ద సెన్సరు కూడా దానికి తగ్గట్టు అపర్చర్ మూయవలసిందే, అక్కడా అంతే మెత్తదనం వస్తుంది. పైగా సాధారణ మాక్రో లెన్సు వస్తువు అసలు సైజులో బొమ్మ వేసేసరికి దాదాపు రెండు స్టాపుల వెలుగు, అంటే నాలుగింట మూడు వంతులు, పోగొట్టుకుంటుంది, క్లోజప్ లెన్సు వెలుగును దాదాపు తగ్గించదు. మీ పెద్ద సెన్సరు గెలిచేది వేరే చోట: చీకటి మూలల్లో ఐఎస్ఓ, అంటే వెలుగును పట్టే సున్నితత్వం, పెంచవలసి వచ్చినప్పుడు బొమ్మలో గరుకు తక్కువ. దాన్ని నేను కాదనను.

మామిడి చెట్టు కింది నీడ అటువంటి చోటే కాబట్టి ఫ్లాష్ తప్పదు. కెమెరా మీది ఫ్లాష్‌కు క్లోజప్ లెన్సు అంచే అడ్డమై ఫ్రేము కింద అర్ధచంద్రాకారపు నీడ వేస్తుంది. కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్టును రెండు మడతలు వేసి, ఫ్లాష్ నుంచి లెన్సు ముందు దాకా వంచి రబ్బరు బ్యాండుతో కట్టండి. చూడడానికి వీధి నాటకం టోపీలా ఉంటుంది, వెలుగు మాత్రం మెత్తగా దిగుతుంది.

జయనగర్ తూనీగ:

మిత్రుడి డీసీఆర్-150 ఒక ఆదివారానికి అరువు తెచ్చుకున్నాను. దాని క్లిప్పు 52 నుంచి 67 మిల్లీమీటర్ల మరలకు పట్టుకుంటుంది కాబట్టి వేరే రింగు అవసరం కాలేదు. జూమ్ మధ్యలో ఉన్నప్పుడు మూలలు నల్లబడ్డాయి, పూర్తిగా లాగగానే పోయాయి. పాల ప్యాకెట్టు టోపీ చూసి నడకకు వచ్చిన పెద్దాయన ఒకరు ఇదేదో గాలి కాలుష్యం కొలిచే యంత్రమా అని కన్నడంలో అడిగారు.

సాలీడు దొరికింది. జానెడు దూరం నుంచి తీయడం వల్ల అది నన్ను పట్టించుకోలేదు. ఎఫ్4లో 43 ఫోటోలు తీస్తే పనికొచ్చినవి మూడు. ఆ మూడింటిలో, తల పక్కన ఉన్న నల్లటి మచ్చలు చీమ కళ్లలా నటిస్తున్నాయని, అసలు కళ్లు ముందువైపు ఉన్నాయని, వాటిలో రెండు మిగతావాటికన్నా బాగా పెద్దవని తేటగా కనిపిస్తోంది. మొదటిసారి నోట మరో చీమను మోస్తోందని నేను అనుకున్నది దాని దవడలే. అంత పొడవు దవడలు మగదానికే ఉంటాయట. ఊదా చార వెతికితే కాని కనబడలేదు. వెనుక కాళ్లు మాత్రం మూడింటిలోనూ మసకగానే ఉన్నాయి, ఆ మేరకు పాత రీలు గారి ప్రశ్న ఇంకా నిలిచే ఉంది.

పాత రీలు:

ఆ వెనుక కాళ్ల కోసమే వచ్చే ఆదివారం నా మాక్రో లెన్సు తెస్తాను. అదే చెట్టు, అదే బారు, మీ పాల ప్యాకెట్టు కూడా ఉండాలి. ఏడు గంటలకు పడమటి గేటు దగ్గర కలుద్దాం.