శుక్రవారం నుంచి సోమవారం లోపు నాన్నగారి బరువు మూడున్నర కిలోలు పెరుగుతోంది. దాహం ఎలా ఆపాలి?

ప్రశ్న (కవిటి మండలం, ఉద్దానం)

మా నాన్నగారికి సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్. డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు, 60 కిలోలు. ఒక్కరోజు విరామమైతే రెండు కిలోల లోపే పెరుగుతారు. శుక్రవారం చేయించుకుని సోమవారం వెళ్లేసరికి మాత్రం మూడున్నర. ఆదివారం రాత్రి పడుకుంటే ఆయాసం, కూర్చునే నిద్రపోతున్నారు. సోమవారం చివరి గంటలో బీపీ పడిపోయి పిక్కలు పట్టేస్తున్నాయి. మూత్రం దాదాపు రాదు. డాక్టరుగారు రోజుకు 700 మిల్లీలీటర్లే అన్నారు, అమ్మ సీసాతో కొలిచే ఇస్తోంది. నాలుక పిడచకట్టుకుపోతోందని ఆయన బతిమాలుతుంటే చూడలేకపోతున్నాం. కొబ్బరిబొండం చలవ, పట్టించండి అని చుట్టాలు. మీ ఇళ్లలో ఎలా నెట్టుకొస్తున్నారు?

జవాబు (రాజమహేంద్రవరం)

అమ్మా, నేనూ ఏళ్లుగా మిషను మీద ఉన్నవాణ్ణే. పడుకుంటే ఆయాసం వస్తోందంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. సోమవారం దాకా ఆగకండి, వెంటనే డయాలసిస్ యూనిట్‌కు ఫోను చేయండి. ఊపిరి అందకపోతే నేరుగా ఆసుపత్రికే.

ఇక దాహం సంగతి. మీరు సీసా కొలుస్తున్నారు, ఉప్పు కొలుస్తున్నారా? ఒంట్లో చేరిన ఎనిమిది గ్రాముల ఉప్పు సుమారు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీరు దొరికేదాకా దాహం వదలదు. ఉప్పు పెట్టి నీళ్లు వద్దనడం మనిషిని హింసించడమే. కూర, పప్పు, పచ్చడి అన్నీ కలిపి రోజుకు ఐదు గ్రాములు దాటకూడదు, అంటే ఒక చిన్న చెంచాడు. మీ తీరంలో ఎండుచేపలు ఇష్టంగా తింటారు కదా, వాటినీ ఆవకాయనూ అప్పడాలనూ పూర్తిగా ఆపండి. నాకు అన్నిటికంటే కష్టమైంది ఆవకాయే. నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి, ఇంగువ పోపుతో నోరు అలవాటు పడింది. సోడియం తక్కువని అమ్మే ఉప్పు మాత్రం కొనకండి, అందులో చాలావాటిలో పొటాషియం ఉంటుంది.

చారు, మజ్జిగ, టీ, మాత్రలు మింగే నీళ్లు కూడా ఆ 700లోవే. గ్లాసు బదులు చిన్న కప్పు ఇవ్వండి. పుక్కిలించి ఉమ్మినా నాలుక తడుస్తుంది.

జవాబు (డయాలసిస్ టెక్నీషియన్, వరంగల్)

పిక్కలు ఎందుకు పడుతున్నాయో లెక్క చూడండి. మూడున్నర లీటర్లు నాలుగు గంటల్లో తీయాలంటే గంటకు 875 మిల్లీలీటర్లు, అంటే ఆయన బరువులో ప్రతి కిలోకు గంటకు 14 పైనే. 13 దాటకుండా ఉంటే గుండెకు మంచిది. నాలుగు గంటల్లో ఆయనకు మూడు లీటర్లే సుఖంగా తీయగలం. అంతకు మించితే ఎక్కువసేపు ఉంచమనో, అదనంగా ఒక రోజు వేయమనో డాక్టరుగారిని అడగండి. డ్రై వెయిట్ కూడా మళ్లీ చూడమనండి, తిండి తగ్గి మనిషి చిక్కితే ఆ అంకె మారుతుంది.

కొబ్బరినీళ్లు వద్దే వద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ. రెండు రోజుల విరామం చివర పొటాషియం ఎలాగూ పెరిగి ఉంటుంది, అది గుండె లయను దెబ్బతీస్తుంది.

జవాబు (హైదరాబాద్)

మీ నాన్నగారికి షుగర్ ఉందా? మా వారికి షుగర్ 300 దాటిన రోజుల్లో ఉప్పు ఎంత తగ్గించినా దాహం ఆగేది కాదు. ఇన్సులిన్ మోతాదు సరిచేశాకే అదుపులోకి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు

షుగర్ లేదండీ, బీపీ ఒక్కటే. యూనిట్‌కు ఫోను చేశాం, రేపు ఉదయమే అదనంగా రమ్మన్నారు. ఎండుచేపల డబ్బా అమ్మ పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. ఉప్పు లేని పప్పులో పులుపు కోసం చింతపండు వేయవచ్చా, పొటాషియం వల్ల నిమ్మకాయే మేలా?