చిన్న యూనిట్ల బిల్లులకు గడువు: రాష్ట్ర చట్టం కావాలా, ఉన్నది చాలదా?

ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్, విజయవాడ:
అసెంబ్లీ సమావేశాల్లోపు మా లైన్‌లో యూనిట్లవాళ్ళం కలిసి ఎమ్మెల్యే గారికి అర్జీ ఇద్దామనుకుంటున్నాం. అడిగేది ఒక్కటే. ప్రభుత్వ శాఖ చిన్న యూనిట్ దగ్గర సరుకు తీసుకుంటే 45 రోజుల్లో డబ్బు పడాలి. గడువు దాటితే వడ్డీ మేం అడక్కుండానే బిల్లుతో కలిసి రావాలి. దీనికి రాష్ట్ర చట్టం తేవాలి. నా సంగతే చూడండి. హాస్టళ్ళకు ఇనుప మంచాలు చేసిచ్చాను. సరుకు దిగింది, స్టాకు రిజిస్టర్‌లో ఎక్కింది, బిల్లు ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్ సీఎఫ్‌ఎంఎస్‌లో పెట్టామన్నారు. ఎప్పుడడిగినా 'బడ్జెట్ రిలీజ్ కాలేదు' అంటారు. జీఎస్టీ మాత్రం మర్నెల 20కల్లా నా జేబులోంచి కట్టాను. ఇనుము కొట్టాయనకి, వెల్డర్లకి ఈ బడ్జెట్ కథ చెబితే ఊరుకుంటారా?

గుంటూరు సీఏ:
చట్టం ఉంది కదండీ! 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం కేంద్రం తెచ్చిన చట్టం. ఒప్పందం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, రాసుకోకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు 3 రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. శాఖలకూ ఇది వర్తిస్తుంది. ఉద్యం పోర్టల్‌లో మీ యూనిట్ రిజిస్టరై ఉంటే, ఈ బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో కేసు వేయండి. కౌన్సిల్ ఇచ్చిన అవార్డు మీద వాళ్ళు కోర్టుకెళ్ళాలంటే 75 శాతం ముందే డిపాజిట్ కట్టాలి. ఇంత పదునైనది చేతిలో ఉండగా ఇంకొకటి ఎందుకు?

ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్:
పదును సరే సార్, వాడేదెవరు? కేసు వేసినవాడికి అదే శాఖ మళ్ళీ ఆర్డరిస్తుందా? మా లైన్‌లో వేసినవాడు ఒకడున్నాడు, ఇప్పుడు ఇళ్ళకు గేట్లూ గ్రిల్సూ చేసుకుంటున్నాడు. అందుకే 'అడక్కుండానే' అంటున్నా.

రిటైర్డ్ ట్రెజరీ:
బాబూ, ఆ కౌంటర్ అవతల కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీలు పోగా మిగిలినదాంట్లోంచి మీ బిల్లు రావాలి. చట్టం రాస్తే ఖజానాలో డబ్బు పుడుతుందా? పైగా మీరనే వడ్డీ ఆఫీసరు జేబులోంచి పోదు, జనం పన్నుల్లోంచి పోతుంది. గడువు పెడితే ఏమవుతుందో కూడా చెప్పనా? సరుకు తనిఖీ సర్టిఫికెట్ మీద సంతకం ఆగిపోతుంది. సంతకం లేనిదే గడువు మొదలవదు.

గుంటూరు సీఏ:
అది కుదరదండీ. సరుకు దించిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దించిన రోజే అంగీకరించినట్టు లెక్క. మొదటి పేజీల్లో నిర్వచనాల దగ్గరే ఉంది, ఎవరూ చదవరు.

జీడిమెట్ల టూల్‌రూమ్:
జనం పన్నులంటున్నారు కదా మాస్టారూ, ఆ ఆలస్యానికి జనం ఇప్పుడు మాత్రం కట్టడం లేదా? శాఖ టెండరు అనగానే అందరం ఏడాది వడ్డీని సరుకు రేట్లోనే కలిపి వేస్తాం. అంత ఆగలేని కుర్రాడు టెండరు జోలికే రాడు. ప్రైవేటు కంపెనీలకు ఆదాయపన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే క్లాజు పెట్టాక, గడువు దాటిన బకాయిని ఆ ఏడాది ఖర్చుగా చూపలేమన్న భయంతో మార్చిలో ఫోన్ చేసి మరీ కడుతున్నారు. శాఖలు రిటర్నులు వేయవు, వాటికేం భయం?
ఇంకోటి. మా తెలంగాణలో 2014లోనే పరిశ్రమల అనుమతులకు ఐపాస్ చట్టం తెచ్చారు. మెగా ప్రాజెక్టుకి 15 రోజుల్లో అనుమతులు ఇవ్వాలని అందులో రాసుకున్నారు. పెట్టబోయే పెద్ద ఫ్యాక్టరీకి గడువు రాయగలిగినవాళ్ళు, సరుకిచ్చేసిన చిన్న షెడ్డుకు రాయలేరా? రాజస్థాన్ 2019 చట్టమూ అంతే, కొత్త యూనిట్లకు మొదటి కొన్నేళ్ళు అనుమతుల నుంచి మినహాయింపు. అన్నీ మొదలుపెట్టేవాడి కోసమే. నడుపుతున్నవాడి గోడు వినేవాడు లేడు.

ఖమ్మం కిరాణా:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. 2021లో మా వ్యాపారులనూ ఎంఎస్‌ఎంఈల్లో చేర్చారని సంబరపడ్డాం. తీరా చూస్తే బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యం వరకే. హాస్టల్‌కి బియ్యం, పప్పులు పోసే నాకు ఈ 45 రోజులు రావు. అర్జీలో మమ్మల్ని కూడా రాయండన్నా.

రిటైర్డ్ ట్రెజరీ:
రేట్లో కలుపుతారన్నది నిజమే, టెండర్లలో చూశాను. కానీ 'చిన్న' అంటే ఎవరు? 2025 ఏప్రిల్ నుంచి 100 కోట్ల టర్నోవర్ దాకా చిన్నదేనట! వాళ్ళ వడ్డీ కూడా మనమే మోయాలా? 10 కోట్ల లోపు సూక్ష్మ యూనిట్లకే పెట్టండి. దానికి జీవో చాలు.

ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్:
సూక్ష్మ యూనిట్లకే అంటే నాకు సమ్మతమే. కిరాణా అన్నా, మీదీ రాస్తాను. జీవో మాత్రం వద్దండీ. ఇంకో జీవోతో అది ఎగిరిపోతుంది.

గుంటూరు సీఏ:
అయితే ఒక జాగ్రత్త. యూనిట్లకు వడ్డీ రేటు కేంద్ర చట్టంలో ఉంది, మీరు కొత్తది రాస్తే రెండు చట్టాలకూ పొసగదని కోర్టులో పట్టుకుంటారు. 'ఆ వడ్డీని ట్రెజరీయే లెక్కగట్టి బిల్లుతో జమ చేయాలి' అని మాత్రం రాయండి. కిరాణా వారికి ఆ చట్టం రాదు కాబట్టి వాళ్ళకు గడువు, రేటు వేరే క్లాజులో పెట్టాలి. ముసాయిదా ఇక్కడ పెట్టండి, ఆదివారం చూసిపెడతాను.