అప్‌డేట్: ఎం13 నక్షత్ర గుచ్ఛం చిత్రాల్లో కోలగా సాగిన నక్షత్రాలు, కారణం దొరికింది

గైడింగ్ గ్రాఫ్ (టెలిస్కోపు నక్షత్రాన్ని ఎంత కచ్చితంగా వెంబడిస్తోందో చూపేది) బాగున్నా 5 నిమిషాల ఎక్స్‌పోజర్లలో నక్షత్రాలు కోలగా సాగుతున్నాయని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. గైడ్ స్కోపు (ప్రధాన టెలిస్కోపుకు బిగించి, ఒక నక్షత్రాన్ని గమనిస్తూ గురి సరిచేసే చిన్న టెలిస్కోపు) ఒరుగుతోందేమో చూడమన్న మాటే నిజమైంది. వేలితో మెల్లగా నొక్కితే వెంట్రుకవాసి కదిలింది. దాన్ని పట్టి ఉంచే పట్టీలో ఒక మర వదులైంది. టెలిస్కోపు ఆకాశంతో పాటు తిరిగేకొద్దీ గైడ్ స్కోపు తన బరువుకు తానే జరుగుతోంది. గైడ్ కెమెరా తన నక్షత్రాన్ని వదలదు కాబట్టి గ్రాఫులో ఏమీ తెలియదు, ప్రధాన కెమెరాలో మాత్రం చిత్రం జరిగిపోతుంది.

మర బిగించాక చాలావరకు తగ్గింది. ఆఫ్ యాక్సిస్ గైడర్‌కు (ప్రధాన టెలిస్కోపులోంచి వచ్చే వెలుగులోనే కొంత గైడ్ కెమెరాకు మళ్లించే పరికరం) మారాక పూర్తిగా పోయింది. మూడు రాత్రులు సరిచేసిన ధ్రువ అమరికకు (టెలిస్కోపు తిరిగే అక్షాన్ని ఆకాశ ధ్రువానికి గురిపెట్టడం) దీనితో సంబంధం లేదు. కొలిమేషన్ (టెలిస్కోపు లోపలి అద్దాల అమరిక) కూడా కాదు; 30 సెకన్ల ఫ్రేముల్లో నక్షత్రాలు ముందునుంచీ గుండ్రంగానే ఉన్నాయి.

నిన్న రాత్రి ఎం13 నడిబొడ్డు దాకా నక్షత్రాలు విడివిడిగా వచ్చాయి. ఎంతసేపు చూస్తూ ఉండిపోయానో!