పక్కింటి నాగాలాండ్ అమ్మాయి తరఫున ఎలా మాట్లాడాలి?

హైదరాబాద్‌లో మా అపార్టుమెంటులో అద్దెకుంటున్న నాగాలాండ్ అమ్మాయి అఖునీ, అంటే పులియబెట్టిన సోయాగింజలు, వండితే కంపు కొడుతోందట. ఖాళీ చేయించాలని అసోసియేషన్ వాళ్లు పట్టుబట్టారు. వారిలో మా అత్తగారే ముందున్నారు. ఆవిడ ఎండు నెత్తళ్లు వేయిస్తే లిఫ్టు దాకా ఘాటే, అది మాత్రం ఎవరికీ గుర్తురాదు! మొన్న వాచ్‌మన్ ఆ అమ్మాయిని ‘ఏయ్ చైనా’ అని పిలిచాడు. తను తల వంచుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. నేనూ నోరు మెదపలేదు, అదే మనసును తొలిచేస్తోంది.

ఈశాన్య రాష్ట్రాల వారిపై వివక్ష గురించి కేంద్రం 2014లో బెజ్‌బరువా కమిటీ వేసిందని తెలుసు. కానీ పోలీసుల దాకా వెళ్లాలని లేదు. వచ్చే ఆదివారం మీటింగులో ఏం మాట్లాడాలి? ముందు ఆ అమ్మాయిని అడగాలా? అత్తగారికి ఎలా నచ్చజెప్పాలి? ఇలాంటిది ఎదుర్కొన్నవారు చెప్పండి.