‘అడిగిన జీతం’ అంటే అడిగినంతా, అడిగినప్పుడా?

పదపిపాసి: నిన్నటి నుంచి ఒక పద్యం నోట్లో ఆడుతోంది, రెండో పాదంలో మాత్రం ఆగిపోతోంది. “అడిగిన జీతం బియ్యని... దొరను గొల్చి మిడుకుట కంటెన్”. దొరకు ముందున్న మాట ఎంతకీ గుర్తు రావట్లేదు. ఎన్నికైన ప్రతినిధులకు జీతం ఎంతుండాలని స్నేహితులం గంటసేపు వాదించుకున్నాం. “ప్రజాసేవ అన్నాక జీతమెందుకు?” అని ఒకాయన అనగానే ఈ పద్యం తన్నుకొచ్చింది. ప్రతినిధికి దొర ఓటరే కదా. మరి అడిగిన జీతం ఇవ్వని దొరలం మనమేనా?

కందగర్భం: మిడిమేలపు దొర. అడి, మిడి, వడి, మడి, ప్రాస చూసుకుంటే అదే వస్తుంది. “వడిగల యెద్దుల గట్టుక మడి దున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ” అని ముగింపు. కానీ మీరు ‘అడిగిన’ను అడిగినంత అని చదువుతున్నట్టున్నారు. పద్యానికి అర్థం చెప్పే టీకాల్లో ‘అడిగినప్పుడు’ అనే ఉంటుంది. ఒప్పుకున్న జీతాన్ని వేళకు చేతిలో పెట్టని దొర అని అర్థం. ఈ రెండింటికీ చాలా దూరం.

నిఘంటువు ప్రేమి: టీకాలు ఏమన్నా, వ్యాకరణం పదపిపాసి గారి వైపే ఉంది. అడిగిన వరం ఇచ్చాడంటే అడిగినప్పుడు ఏదో ఒక వరం ఇచ్చాడని కాదు, కోరిందే ఇచ్చాడని. జీతానికి వేరే వ్యాకరణం ఎందుకుంటుంది?

కందగర్భం: మిడిమేలం అంటే గర్వం. అడిగినంతా ఇవ్వనివాడు పిసినారి కావచ్చు, పేదవాడూ కావచ్చు, గర్వి అనిపించుకోడు. ఇవ్వాల్సింది అడిగితే చూద్దాంలే అనేవాడే గర్వి. విశేషణమే అర్థం తేలుస్తోంది.

పల్లెపదం: స్నేహితుల వాదనకు ఈ పద్యం కంటే సామెత దగ్గరగా ఉంది. “జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానన్నదట.” దయచేసి ‘భత్యం’ అని దిద్దకండి, బత్తెం అంటేనే సామెత నోటికి పలుకుతుంది. జీతం చేసిన పనికి, బత్తెం తిండికి. ఊరికే చేస్తానన్నవాణ్ని ముందు అనుమానించమని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు.

పదపిపాసి: అనుమానం ఒక్కటే కాదండీ. ఊరికే చేయగలిగేవాళ్లు ఎవరన్నది నా బాధ. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో శాసనసభ్యుడికి 1889 నుంచీ రెండేళ్లకు కలిపి 200 డాలర్లే. ఆ డబ్బుతో ఇల్లు గడవదు. రోజుకూలీ పని మానుకుని సభలో ఎలా కూర్చుంటాడు? బ్రిటన్‌లో 1838లోనే చార్టిస్టులు, అంటే ఓటు హక్కు కోసం ఉద్యమించిన కార్మికులు, సభ్యులకు జీతం కావాలని అడిగారు, పేదవాడు కూడా పార్లమెంటుకు రావాలని. వచ్చింది 1911లో, ఏడాదికి 400 పౌండ్లు. డెబ్బై ఏళ్లు దాటింది! మిడిమేలపు దొర అంటే నాకు ఆ పార్లమెంటే కనిపిస్తుంది.

కందగర్భం: చూశారా, మీ ఉదాహరణలోనూ వేళకు ఇవ్వకపోవడమే తప్పు.

నిఘంటువు ప్రేమి: అసలు ఇవ్వనేలేదండీ, వేళ మాట ఎక్కడిది? పోనీ, అడిగేవాడూ ఇచ్చేవాడూ ఒకరే అయితే పద్యం ఎలా అన్వయిస్తారు? మన రాజ్యాంగం 106వ అధికరణం ప్రకారం ఎంపీల జీతం పార్లమెంటే చట్టం చేసి నిర్ణయించుకుంటుంది. నాకు కష్టంగా తోచేది అదే. 2018 నుంచి దాన్ని ధరల సూచికతో ముడిపెట్టి అయిదేళ్లకోసారి సవరిస్తున్నారు. అది కొంత నయం, ప్రతిసారీ అడిగే పని లేదు. బ్రిటన్‌లో 2011 నుంచి ఒక స్వతంత్ర సంస్థకే అప్పగించారు. అమెరికా 27వ సవరణ నాకు బాగా నచ్చుతుంది. పెంచిన జీతం మధ్యలో ఎన్నికలు జరిగాకే చేతికొస్తుంది. 1789లో ప్రతిపాదిస్తే 1992లో ఆమోదం పొందింది. దొరకు, అంటే ఓటరుకు, తన మాట చెప్పే అవకాశం అక్కడ ఉంది.

హాలికుడు: ఇంతమంది మాట్లాడారు, ‘మడి దున్నుక’ దగ్గర ఎవరూ ఆగలేదు. కావ్యాన్ని రాజులకు అమ్ముకోనంటూ పోతన గారు చెప్పారనే చాటువు నాకు వినిపిస్తుంది అక్కడ. “గూళలకిచ్చి యప్పడుపు కూడు భుజించుట కంటె సత్కవుల్ హాలికులైన నేమి”. రెండు చోట్లా ఆ ‘కంటె’ చూడండి, రెండు చోట్లా నాగలే. ఆ ‘పడుపు కూడు’ అన్న మాట చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. రాజు సొమ్మును అంత మాట అనగలిగాడు మహానుభావుడు.

కందగర్భం: పోలిక బాగుంది గానీ పోతన గారు వద్దన్నది ఇస్తామన్న సొమ్ము. సుమతి పద్యంలో ఇవ్వని సొమ్ము. కలపకూడదు.

పదపిపాసి: హాలికుడు గారు నా ముడి విప్పారు. దొరను వదిలేసి మడి దున్నుకోవాలంటే ముందు మడి ఉండాలి కదా, ఎద్దులూ ఉండాలి. ఉన్నవాడు జీతం లేకపోయినా పదవిలో ఉంటాడు, నచ్చకపోతే వెళ్లిపోతాడు. ఏమీ లేనివాడు రెండూ చేయలేడు. అందుకే ప్రతినిధికి నిలబడి బతికేంత జీతం ఉండాలంటాను, తప్పు జరిగితే మొహం మీద పదవి విసిరేసి రాగలిగేంత.

పల్లెపదం: ఆ మాట ఒప్పుకుంటాను. బత్తెం లెక్క మాత్రం విడిగా, రసీదులతో చూపించాలి.

కందగర్భం: సరే, ‘అడిగిన’ సంగతి ఇంకా తేలలేదు. పైగా చిన్నప్పటి ప్రతి ఇప్పుడే తీశాను. అట్ట ఊడింది, ఈ పద్యం కింద పెన్సిలు గీత అలాగే ఉంది. అందులో ‘మిడిమేళపు’ అని ళకారం ఉంది. మీ ప్రతుల్లో ఏముందో చూసి చెప్పండి.