మున్సిపాలిటీ సెక్యూరిటీ గార్డు మా అమ్మ చేపల టబ్బు, కాటా పట్టుకెళ్లిపోవచ్చా?

కాలవగట్టు_అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది గోదావరి డెల్టాలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు రాయడం లేదు, ఏమీ అనుకోకండి. మా అమ్మ మార్కెట్ గేటుకి ఇవతల, కాలవ గట్టు మీద కూర్చుని చేపలు అమ్ముతుంది. చెరువు దగ్గర తెల్లారకుండా పట్టిన బొచ్చెలు, శీలావతులు తెచ్చుకుని ఎండెక్కే లోపు అమ్మేసుకోవాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ చోటు అదే.

మొన్న సెక్యూరిటీ ఆయన వచ్చి ఇక్కడ కూర్చోకూడదన్నాడు. ఖాకీ చొక్కా, భుజాల మీద పోలీసు వాళ్ళకి ఉన్నట్టే గీతలు, చేతిలో లాఠీ. అమ్మ సర్దుకుంటూ ఉండగానే టబ్బు, ఎలక్ట్రానిక్ కాటా ఆటోలో వేయించి తీసుకెళ్లిపోయాడు. వెనకాలే వెళ్ళిన అమ్మని ఆఫీసు వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ఇంటికెళ్లి వస్తానంటే కదలనివ్వలేదట. నేను వెళ్ళి వీడియో తీస్తుంటే ఫోన్ లాక్కుని వీడియో డిలీట్ చేసేశాడు. చివరికి 500 తీసుకుని వదిలారు, రశీదు లేదు. చేపలు మొత్తం పాడైపోయాయి. మళ్ళీ కనిపిస్తే కేసు పెట్టిస్తానన్నాడు.

ఆయనకి అసలు ఏ అధికారం ఉంది? అమ్మ భయంతో బయటికే వెళ్లడం లేదు.

పాలకొల్లు_కుర్రాడు

ప్రతి ఊళ్ళోనూ ఇదే గొడవ అండీ. మీ వార్డు కౌన్సిలరు చేత ఒక ఫోన్ చేయిస్తే పనైపోతుంది.

రిటైర్డ్_గుమస్తా

ఫోన్ చేయిస్తే కాటా వస్తుందేమో గానీ, వచ్చే వారం ఇంకొకావిడ కాటా పోతుంది. నేను రెండు మూడు మున్సిపాలిటీల్లో రెవెన్యూ సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. అమ్మాయ్, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ మనిషి ఎవరో తేల్చుకో. శానిటరీ ఇన్‌స్పెక్టరు, టౌన్ ప్లానింగ్ వాళ్ళు మున్సిపల్ ఉద్యోగులు. చట్టం ప్రకారం కమిషనరు అప్పగించిన అధికారం వాళ్ళకి కొంత ఉంటుంది. ఆశీలు (మార్కెట్ రుసుము) పాట పాడుకున్నవాడి మనుషులు వేరు. నువ్వు చెప్పే ఆయన ఏజెన్సీ ద్వారా వచ్చిన గార్డులా ఉన్నాడు. అలా అయితే ఆయనకి వర్తించేది 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం. ఆఫీసు, పంపుహౌసు, స్టోరు లాంటి చోట్ల ఆస్తిని, మనుషుల్ని కాపాడటం ఆయన పని. జరిమానా వేసే అధికారం, సామాను జప్తు చేసే అధికారం ఆ చట్టంలో ఎక్కడా లేవు. ఆ భుజాల మీద గీతలున్నాయే, పోలీసు యూనిఫాంని పోలిన బట్టలు గార్డు వేసుకోవడమే నేరం. ఏడాది వరకు జైలు గానీ, 5,000 వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. వేసుకున్నవాడికే కాదు, ఏజెన్సీ యజమానికి కూడా.

మనిషిని ఆపే సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, పోలీసు కానివాడు ఎవరినైనా పట్టుకోవాలంటే ఆ నేరం తన కళ్ళ ముందే జరగాలి, అది బెయిలబుల్ కాని (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసు అరెస్టు చేయగలిగే) నేరమై ఉండాలి. లేదా కోర్టు పరారీలో ఉన్నాడని ప్రకటించిన నేరస్తుడై ఉండాలి. పట్టుకున్నాక ఆరు గంటల లోపు పోలీసులకి అప్పగించాలి. గట్టు మీద చేపలమ్మడం అలాంటి నేరం కాదు. మీ అమ్మగారు వెళ్తానన్నా వెళ్లనివ్వకుండా కూర్చోబెట్టారు చూడు, దాన్ని భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ అక్రమ నిర్బంధం అంటుంది. గార్డు చేసినా, ఆఫీసరు చేయించినా అంతే.

ఇక సామాను. వీధి వ్యాపారుల కోసం 2014లో ఒక చట్టమే వచ్చింది. వ్యాపారుల సర్వే పూర్తయి అందరికీ వీధిలో అమ్ముకోవడానికి సర్టిఫికెట్లు ఇచ్చే దాకా ఉన్నవాళ్ళని లేపకూడదని 3వ సెక్షన్. ఆ తర్వాత లేపాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. గడువు దాటినా కదలకపోతేనే జప్తు. అప్పుడు కూడా తీసుకున్న ప్రతి వస్తువూ జాబితా రాసి, సంతకం పెట్టి, కాపీ చేతికివ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే, మిగతావి రెండు పనిదినాల్లో, ఫీజు కట్టించుకుని తిరిగివ్వాలి. చేపల సంగతి ఆలోచించే ఆ మాట రాశారనిపిస్తుంది నాకు. నోటీసు తర్వాత ఖాళీ చేయకపోతే రోజుకి 250 వరకు జరిమానా. సర్టిఫికెట్ లేకుండా అమ్మినా, షరతులు తప్పినా 2,000 వరకు ఉంది, కానీ అది నిర్ణయించాల్సింది మున్సిపాలిటీ. రోడ్డు మీద గార్డు నోటితో చెప్పేది కాదు. రశీదు లేని 500కి మాత్రం ఏ చట్టంలోనూ చోటు లేదు.

రెండో పక్క కూడా చెప్పాలి. కాలవ గట్టు, డ్రైనేజీ, దారి అడ్డం లేకుండా ఉంచే బాధ్యత మున్సిపాలిటీదే. వానాకాలంలో డ్రైను పూడి నీళ్ళు ఇళ్ళలోకొస్తే తిట్లు తినేది కూడా వాళ్ళే. అధికారి నోటీసు పట్టుకుని పద్ధతిగా వచ్చినప్పుడు తోపులాటకి దిగొద్దు. ప్రభుత్వోద్యోగి మీద చెయ్యి చేసుకుంటే అదే న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద నిజంగానే కేసవుతుంది.

నైట్_డ్యూటీ

నేను ఏజెన్సీ గార్డునే, తూర్పు డెల్టాలో. పెద్దాయన చెప్పింది నిజం. కేంద్రం పెట్టిన నమూనా నియమాల ప్రకారం మాకు 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు శిక్షణ ఇవ్వాలి. చాలామందికి చొక్కా, విజిలు ఇచ్చి డ్యూటీకి పంపేస్తున్నారు. సూపర్‌వైజరు "ఆ గట్టు ఖాళీ చేయించు" అంటాడు. కాగితం ఇమ్మంటే రేపటి నుంచి రావద్దంటాడు. నెల జీతం మీద ఇల్లు గడిచేవాడు ఏం చేస్తాడు చెప్పండి. ఆ గార్డుని వెనకేసుకు రావడం లేదు, ఆడమనిషిని అలా కూర్చోబెట్టడం దారుణం. కానీ ఫిర్యాదులో ఆయన ఒక్కడి పేరే రాసి ఆపకండి. ఆర్డరు ఎవరిచ్చారని అడగండి. గార్డుకి ఫోటో ఐడీ కార్డు ఉండాలి, అది చూపించమనండి.

కాలవగట్టు_అమ్మాయి

చాలా ధన్యవాదాలండీ. అమ్మకి సర్టిఫికెట్ లేదు. కరోనా తర్వాత వీధి వ్యాపారులకి కేంద్రం ఇచ్చిన స్వనిధి లోను 10,000 తీసుకుని తీర్చేసింది, అప్పుడిచ్చిన కాగితాలున్నాయి. అవి పనికొస్తాయా? ఫోన్ లాక్కోవచ్చా? ఫిర్యాదు పెడితే పగబడతారేమోనని అమ్మ టెన్షన్ పడుతోంది.

రిటైర్డ్_గుమస్తా

చక్కగా పనికొస్తాయి. సర్వేలో పేరున్నవాళ్ళకి, లేదంటే మున్సిపాలిటీ సిఫారసు లేఖ ఇచ్చినవాళ్ళకే ఆ లోను వచ్చింది. అంటే ఆవిడ వీధి వ్యాపారి అని మున్సిపాలిటీయే ఒప్పుకున్నట్టు. జిరాక్సులు తీసి పెట్టు, అసలువి ఎవరికీ ఇవ్వకు.

ఫోన్ లాక్కునే అధికారం గార్డుకి లేదు. పోలీసు కూడా నేరానికి సంబంధం ఉందని అనుమానిస్తేనే స్వాధీనం చేసుకోగలడు, దానికో పద్ధతుంది. ఫోన్లో ఇటీవల తొలగించినవి ఉండే ఫోల్డరు ఇవాళే చూడు, వీడియో దొరకొచ్చు.

అర్జీ కమిషనరు పేరున రాయి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏమేం తీసుకెళ్లారు, చేపలు ఎన్ని కిలోలు, ఎంత డబ్బు, చూసినవాళ్ళెవరు. కోపం మాటలు ఒక్కటీ వద్దు. రెండో కాపీ మీద ఇన్‌వర్డు నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు), ముద్ర వేయించుకోకుండా కౌంటరు వదలకు. దాంతో పాటు సమాచార హక్కు దరఖాస్తు 10 రూపాయల ఫీజుతో పెట్టు: ఏజెన్సీ పేరు, లైసెన్సు నంబరు, గార్డుల విధులు రాసిన ఒప్పందం కాపీ, ఆ రోజు జప్తుకి ఆదేశం ఎవరిచ్చారు, టౌన్ వెండింగ్ కమిటీలో (వీధి వ్యాపారుల చట్టం కింద ఊళ్ళో ఉండే కమిటీ) ఎవరెవరున్నారు. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

పగ సంగతి కొట్టిపారేయను, అలాంటివి నేనూ చూశాను. అందుకే ఒక్కరుగా వెళ్లొద్దు. ఆ గట్టు మీద కూర్చునే రొయ్యలావిడ, ఎండుచేపలావిడ, కూరగాయలవాళ్ళ చేత కూడా సంతకాలు పెట్టించు. అక్కడ కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్లో అర్జీ. మీ కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ముందు ఫోన్లో కనుక్కోవాలంటే 15100. అర్జీ రాశాక ఊరు, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు, ఏమైనా తప్పులుంటే దిద్దుతాను.