పువ్వు మీద చల్లిన నీళ్లని మంచు అని అమ్మొచ్చా?

తొలిపొద్దు: మొన్న ప్రదర్శనలో నా ప్రింటు ముందు ఒకావిడ చాలాసేపు నిలబడ్డారు. తెల్లటి అడవిపువ్వు, రేకు మీద ఐదారు చుక్కలు, ఒక్కో చుక్కలో వెనకాలున్న ఆకు తలకిందులుగా కనిపిస్తుంటుంది. "ఈ మంచు కోసం ఎన్నింటికి లేచారండీ?" అని అడిగారు. నిజానికి అది మధ్యాహ్నం నీడపట్టున తీసిన ఫోటో. నీళ్లలో కాస్త గ్లిజరిన్ కలిపి స్ప్రే బాటిల్‌తో కొట్టాను. నోరు ఊరుకోక "ఐదింటికండీ" అనేశాను. ఆవిడ కొనుక్కెళ్లారు. అప్పట్నుంచీ మనసు పీకుతోంది. ప్రకృతిలో తీసిన పూలు అని అమ్మేటప్పుడు ఇలాంటివి చెప్పి తీరాలా?

ఇంకు కాగితం: అక్కర్లేదు. జర్మన్ ఫోటోగ్రాఫర్ కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ తీసిన మొక్కల ఫోటోలు 1928లో పుస్తకంగా వచ్చి పేరు తెచ్చుకున్నాయి. ఆయన కొమ్మలు తెంపి, అడ్డమైన ఆకులు కత్తిరించి, వెనక సాదా కాగితం పెట్టి తీసేవాడు. కొన్నిటిని 30 రెట్ల దాకా పెంచి చూపించాడు. ఆర్ట్ అన్నాక అమరిక ఉంటుంది.

ముక్కుసూటి: ఉండనివ్వండి. ఆయన ఫోటో చూస్తేనే తెలుస్తుంది అది అమర్చిందని. మీరు నీళ్లు చల్లితే చల్లారు, ఆ ఐదింటి ముచ్చట ఎందుకండీ? పైగా తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. అసలు మంచు సన్నగా, బూడిద రాలినట్టు నూగు కొసలకి అంటుకుని ఉంటుంది. గ్లిజరిన్ చుక్క లావుగా, గాజుపూసలా కూర్చుంటుంది, ఆరదు. ఆకు అంచున వరసగా ముత్యాల్లా ఉన్నాయంటే అవి మంచు కూడా కాదు, రాత్రి వేళ్లు పీల్చిన నీళ్లని ఆకే బయటికి వదిలింది.

కొత్త లెన్సు: మరి ఫోకస్ స్టాకింగ్, అంటే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఫ్రేముల్ని ఒకే ఫోటోగా కలపడం, దాని సంగతేంటి? ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరాతో 1:1లో, అంటే పువ్వు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేలా తీస్తే, లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్/11 పెట్టినా ఒకటిన్నర మిల్లీమీటరు లోతు కూడా ఫోకస్‌లో ఉండదు. పుప్పొడి తేటగా ఉంటే రేకు మసక. అందుకే 40 ఫ్రేములు తీసి కలుపుతాను. ఇదీ దొంగతనమేనా? నాకిప్పుడు టెన్షన్ పట్టుకుంది.

ఇంకు కాగితం: అదే నేనూ అంటున్నది. ఉన్నదున్నట్టు ఏ ఫోటోలోనూ రాదు. ఫిల్మ్ రోజుల్లో అజెరేటం లాంటి నీలిపూలు గులాబీగా వచ్చేవి. కంటికి దాదాపు కనపడని చివరి ఎరుపునీ, దాన్ని దాటిన ఇన్‌ఫ్రారెడ్‌నీ ఆ రేకులు బాగా వెనక్కి కొడతాయి, ఫిల్మ్ దాన్ని కొంత పట్టేసేది. అక్కడ రంగు దిద్దకపోవడమే అబద్ధం. ఒక ఎర్రపువ్వుని నేను మూడుసార్లు ప్రింటు తీశాను. హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్) మొత్తంగా బాగానే ఉంది, రెడ్ ఛానల్, అంటే ఎరుపు ఒక్కటే హద్దు దాటి పొంగిపోయింది. రేకు మీది ఈనెలన్నీ మాయమై, పువ్వు ఎర్ర సిరా పోసినట్టు వచ్చింది. ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ తీసుకొచ్చినా, ఆ మ్యాట్ కాటన్ కాగితం మీద అంత ఎరుపు పలకదని సాఫ్ట్ ప్రూఫ్‌లో, అంటే ప్రింటు ఎలా వస్తుందో తెర మీద ముందే చూసుకున్నప్పుడు, తేలింది. ఎరుపు కొంచెం చంపితేనే ఈనెలు బతికాయి.

ముక్కుసూటి: చూసినదాన్ని కాగితం మీదికి తేవడానికి పడే పాట్లు అవి, వాటితో నాకు పేచీ లేదు. స్టాకింగూ అంతే, హాయిగా కలుపుకోండి. లేనిదాన్ని తెచ్చిపెట్టినప్పుడు చెప్పాలంటాను. ఇంకో మాట, చుక్కల కన్నా నాకు కోపం తెప్పించేది గడ్డి పీకడం. నేనూ చేశాను. ఫ్రేములో అడ్డొచ్చాయని మూడు పరకలు లాగితే, వేళ్లతో పాటు అదే పువ్వు తాలూకు రెండు పిల్లమొక్కలు చేతిలోకి వచ్చాయి. దాన్ని ఏ లేబుల్ మీద రాయను? ఇప్పుడు బట్టల క్లిప్పుతో గడ్డిని పక్కకి పట్టి, తీశాక వదిలేస్తున్నాను.

కొత్త లెన్సు: క్లిప్పు ఐడియా బాగుంది, తీసుకుంటున్నా.

తొలిపొద్దు: మిగిలిన ప్రింట్ల వెనక "చుక్కలు స్ప్రేతో కొట్టినవి" అని పెన్సిల్‌తో రాశాను. ఆవిడకి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పి, కావాలంటే వెనక్కి తీసుకుంటానన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "చుక్కలో కనపడే ఆ ఆకైనా అక్కడిదేనా?" అని అడిగారు. అక్కడిదేనండీ అన్నాను. దాన్ని నేనూ క్లిప్పుతోనే వంచి పట్టానని మాత్రం చెప్పలేదు.

ముక్కుసూటి: క్లిప్పుకి మాఫీ.